మధ్యలో దిగిపోయే మామ

మదనపల్లెలో పెళ్లికి పోయినా, పుంగనూరులో తిరునాళ్లకు పోయినా, కుప్పం ప్లాట్‌ఫారం మీద నిలబడినా ఈయన తగులుతాడు. అసలు పేరు ఏదైనా ఊరందరికీ మామే. చొక్కా జేబులో రెండు ఫోన్లు, ముక్కు చివరికి జారిన కళ్లద్దాలు. మనం విమానం టికెట్టు కొన్నామని తెలిస్తే చాలు, "ఎంతకు కొంటివి?" అంటాడు. ఎంత చెప్పినా జవాబు ఒకటే: "మునిగిపోతివి పో!"

కుప్పం మామకు ఈ విద్య రైల్లో పట్టుబడింది. బెంగళూరు నుంచి కుప్పానికి బెర్తు వెయిటింగ్‌లో ఉంటే, చెన్నై దాకా కొని కుప్పంలో దిగేస్తాడు. రైల్వేవాళ్లు ఏమీ అనరు. మిగిలిన దూరానికి డబ్బు వెనక్కి రాదు, అంతే. పుంగనూరు మామకు ఊళ్లో రైలే లేదు కాబట్టి, 2008లో దేవనహళ్లి విమానాశ్రయం తెరిచాక నేరుగా ఆకాశం మీదే పడ్డాడు.

మదనపల్లె మామ మాత్రం సిద్ధాంతకర్త. బెంగళూరు నుంచి హైదరాబాదుకు నేరుగా పోయే టికెట్టు కంటే, హైదరాబాదులో విమానం మారి విశాఖ పోయే టికెట్టు ఒక్కోసారి తక్కువకు దొరుకుతుంది. మామ విశాఖకు కొంటాడు, హైదరాబాదులో దిగి ఇంటికి పోతాడు.

"అదెట్ల మామా, దూరం పెరిగితే రేటు తగ్గుతాదా?"

"మన టమోటా యార్డులో బాక్సు రేటు నువ్వు పడిన కష్టం చూసి పాడతారేంరా? ఆ పొద్దు సరుకెంత, వ్యాపారులెంతమంది, అదీ లెక్క. హైదరాబాదుకు నేరుగా పోయేవాడికి తొందర, పైగా ఆఫీసు డబ్బు. ఆగి ఆగి విశాఖ పోయేవాడు రూపాయి రూపాయి చూస్తాడు. వానికి తగ్గించకపోతే ఇంకో కంపెనీకి పోతాడు."

ఇంతవరకు మామ మాటలో తప్పు పట్టడానికేమీ లేదు. కేసులు చెప్పడంలోనే కొంచెం పక్షపాతి. ఓస్లో దాకా టికెట్టున్న ప్రయాణికుడు ఫ్రాంక్‌ఫర్ట్‌లోనే ఆగిపోతే లుఫ్తాన్సా 2,112 యూరోలు కట్టమందనీ, 2018లో బెర్లిన్ కోర్టు ఆ దావాను కొట్టేసిందనీ మూడూళ్లలోనూ చెప్పాడు. ఆ తీర్పు మీద కంపెనీ అప్పీలుకు పోయిందని చెప్పడు. ఇలాంటి టికెట్లు వెతికిపెట్టే స్కిప్‌లాగ్డ్ అనే సంస్థ అమెరికన్ ఎయిర్‌లైన్స్‌కు 94 లక్షల డాలర్లు కట్టాలని 2024లో అమెరికా జ్యూరీ తేల్చింది. ఆ ఏడాది మామ పేపరు చదివినట్టు లేదు.

సిద్ధాంతానికి దెబ్బ తగిలింది ఇంట్లోనే. హైదరాబాదులో మేనల్లుడి పెళ్లి. మామ యథాప్రకారం విశాఖకు రెండు టికెట్లు కొని, "ఏడు కేజీల చేతిసంచి, అంతకుమించి వద్దు" అని ఆజ్ఞ వేశాడు. అత్త వింటుందా? పట్టుచీరలు, నూరు ఓలిగలు, చెనక్కాయల పొడి, పెళ్లివారికి రాగిపిండి. "పదిహేను కేజీలు వాళ్లే ఊరికే ఇస్తావుంటే వద్దనేదేంది?" అని, మామ బాత్రూముకు పోయిన సందులో పెట్టెను కౌంటరులో వేసేసింది. ట్యాగు మీద విశాఖ. మామ చూసేసరికి పెట్టె బెల్టెక్కి పోయింది.

హైదరాబాదులో దిగాక అడుగుదామంటే భయం. అడిగితే విశాఖ విమానం ఎందుకెక్కలేదంటారు. ముహూర్తానికి అత్త ఆడపడుచు చీరతోనే కూర్చుంది. విశాఖ సముద్రాన్ని అత్త ఇంతవరకు చూడలేదు గానీ, ఆమె పట్టుచీరలు చూసొచ్చాయి. పెట్టె వెనక్కి రావడానికి ఎంతైందో మాత్రం మామ ఎవరికీ చెప్పడు. ఎదుటివాళ్లను "ఎంతకు కొంటివి?" అనడం మానలేదు.

మామ తగిలితే సలహా వినండి, లెక్క మంచిదే. కాకపోతే ఎగ్గొట్టేది చివరి విమానమే అయ్యుండాలి. నడిమధ్యది వదిలేస్తే ఆ టికెట్టు మీద మిగిలినవన్నీ, తిరుగు ప్రయాణంతో సహా, రద్దవుతాయి. చేతిసంచి తప్ప పెట్టె ఉండకూడదు. అత్తను వెంటబెట్టుకుని పెళ్లికి పోయేవాళ్లు మాత్రం నేరుగా పోయే టికెట్టే కొనుక్కోండి.