ఏదీ, ‘ఆ’ అను!

గొలుగొండలో నర్సీపట్నం బస్సు కోసం నిలబడ్డప్పుడు దగ్గొస్తే మింగెయ్యాలి. బయటికి వదిలారా, టీకొట్టు బల్ల మీంచి గొంతు మావయ్య లేచి వచ్చేస్తాడు. వైద్యం చదవలేదు, ఎవరూ పిలవలేదు. జేబులోంచి సెల్‌ఫోన్ తీసి లైటేసి, “ఏదీ, ఆ అను” అంటాడు. టీ కలిపే చెంచా కాడతో నాలిక నొక్కబోతుంటే కొట్టువాడు “మావా, నా చెంచా!” అని లాక్కుంటాడు.

“ఓలమ్మో! కొండనాలిక జారిపోనాది!”

అది జారడమేమీ ఉండదు. గొంతుతో పాటు అదీ వాచి కాస్త కిందికి వేలాడుతుంది, అంతే. మావయ్య వింటేగా! నడినెత్తి జుట్టు పిడికిట పట్టి గట్టిగా గుంజుతాడు. ఆ నొప్పికి గొంతునొప్పి గుర్తురాదు, నయమైపోయిందని ఆయన లెక్క. బట్టతలలకి మాత్రం మిరియాల కషాయం.

“లంబసింగి ఎల్లొచ్చేవా?” అన్నది రెండో ప్రశ్న. అక్కడి మంచు మీద ఆయనకి పాత పగ. గొంతునొప్పుల్లో చాలామటుకు వైరస్‌వి, కిక్కిరిసిన బస్సులో పక్కవాడు అంటించినవి. వారానికి వాటంతటవే పోతాయి. ఆ వారమే మావయ్య పెట్టుబడి. ఉప్పునీళ్ళు, పసుపు పాలు, చింతపల్లి పిప్పళ్ళు ఒకదాని వెనక ఒకటి వాడించి, తగ్గిన రోజున “సూసేవా?” అంటాడు. గ్లాసుడు గోరువెచ్చని నీళ్ళలో అర చెంచా ఉప్పేసి పుక్కిలించమని డాక్టర్లూ చెబుతారు కాబట్టి, అడక్కుండా యాంటీబయాటిక్ బిళ్ళలు మింగేవాడికంటే ఈయన మాట విన్నవాడే నయం. ఏడాది నిండని పసిగుడ్డుకి తేనె నాకించబోయినప్పుడు మాత్రం ఏఎన్ఎం ఆయన చెయ్యి పట్టుకుని ఆపింది.

ఓ కాలేజీ కుర్రాడు అద్దం ముందు నాలిక బాగా బయటికి లాగి, వెనకాల గుండ్రటి బుడిపెలు చూసుకుని కేన్సరేనని పరిగెత్తుకొచ్చాడు. మావయ్య లైటేసి లెక్కెట్టాడు. “తొమ్మిది! ఏడి సేసింది బాబూ!” అవి ప్రతివాడి నాలిక మీదా పుట్టుకతో ఉండేవే. 8 నుంచి 12 దాకా వరసగా ఉంటాయి, రుచి పట్టేవాటిలో అవీ ఉన్నాయి. మావయ్యకీ ఉంటాయి. కానీ ఆ నాలిక ఆగితేగా లెక్కపెట్టడానికి!

ఇన్ని నోళ్ళు చూసినవాడు చూడని నోరు ఇంట్లో అత్తగారిది. ఆవిడది అడ్డపొగ. చుట్ట నిప్పు నోటిలోపల పెట్టి కాల్చడం శ్రీకాకుళం, విశాఖ పల్లెల్లో ఆడవాళ్ళ పాత అలవాటు. ఆ సెగకి అంగిలి తెల్లబారి, నడుమ ఎర్రచుక్కలతో బుడిపెలు లేస్తాయి. కోస్తాలో అంగిలి కేన్సర్‌కి ఈ చుట్టే కారణమని 1957లోనే వైద్య పత్రికకెక్కింది.

“ఊరందరి నోళ్ళూ చూస్తావు. మూడు వారాలైనా మానని పుండు ఆవిడ నోట్లో ఉందేమో చూశావా? అది ఉప్పునీళ్ళతో పోయేది కాదు” అని ఏఎన్ఎం నిలదీసింది. మావయ్య గుండె దిటవు చేసుకుని ఇంటికెళ్ళి ఫోను లైటేశాడు.

“అత్తమ్మా, ఏదీ, ఆ అను.”

ఆవిడ చుట్ట తియ్యలేదు. పెదవుల మధ్యనించే అంది, “ముందు తవరు నోరు ముయ్యండి బాబూ!”

మర్నాడు ఏఎన్ఎమ్మే ఆవిడని బతిమాలి, నర్సీపట్నం ఏరియా ఆసుపత్రికి ఆటో ఎక్కించింది. మావయ్య ముందు సీట్లో ఇరుక్కుని కూర్చున్నాడు. ఊరు దాటాక ఆటో డ్రైవరు దగ్గాడు. పాపం, కొత్తగా వచ్చినవాడు.