దివ్యదృష్టి సైన్యానికి చత్వారపు సేనాపతి

బల్ల మీద బొమ్మలతో ఆడే వార్‌హ్యామర్ 40,000 అనే యుద్ధపు ఆటలో ఏల్డారీలది అంతరించిపోతున్న జాతి. కథ ప్రకారం అక్కడ ఒక్కొక్క ప్రాణం వెలకట్టలేనిది. చచ్చాక ఆత్మను స్లానెష్ అనే దుష్టదైవం మింగేయకుండా వాళ్ళలో చాలామంది గుండెల మీద ఒక ఆత్మమణి పెట్టుకు తిరుగుతారు. ఆ మణికి రంగు వేసే తతంగం చూసి తీరాలి: ముందు ముదురు ఎరుపు, కింది అంచున నారింజ, పై మూలన సూదిమొనంత తెల్లచుక్క. బొటనవేలంత బొమ్మ, కంటికి భూతద్దం, బిగపట్టిన ఊపిరి. ఇంత ముచ్చటగా తీర్చిన పదిమందిని ఆదివారం బల్ల మీదికి తెచ్చి, మొదటి టర్న్‌లోనే బట్టబయల్లో నిలబెడతాడు ఈ సైన్యాన్ని ఆడించే మన సేనాపతి. ఇదేమిటయ్యా అంటే, "పర్లేదండీ, వీళ్ళు చావడానికే" అంటాడు. ఆ జాతి ఎందుకు అంతరించిపోతోందో నాకు ఆ ముక్కతో అర్థమైంది.

ఈ సైన్యం కొట్టే దెబ్బకు వంక పెట్టలేం. ఫైర్ డ్రాగన్లనే దళం 12 అంగుళాల లోపలికి వచ్చిందంటే ఎదుటివాడి ట్యాంకు పాత ఇనుప సామాన్ల కొట్టుకే. హౌలింగ్ బాన్షీలనే మరో దళం కత్తి ముందు కవచం నిలిచేది తక్కువే. చిక్కల్లా తిరిగి తినాల్సిన దెబ్బతోనే. బాన్షీ దృఢత్వం 3, ఒక్క గాయానికే ప్రాణం పోతుంది. ఎదుట పదిమంది స్పేస్ మెరైన్లు బోల్ట్ రైఫిళ్ళు ఎత్తితే 20 పాచికలు. 3 ఆపైన పడితే తగిలినట్టు. సుమారు 13 తగులుతాయి. మళ్ళీ 3 ఆపైన పడితే గాయం, 9 మిగులుతాయి. ఆ తొమ్మిదింటికీ 5 గానీ 6 గానీ పడితేనే బతుకు. మొత్తమ్మీద ఆరుగురు తిరిగి పెట్టెలోకి. కాగితమ్మీద నిమిషంలో తేలే ఈ లెక్క సేనాపతికి ప్రతి ఆదివారం కొత్త వార్తే.

ఎదుటివాడి మీదికి దూకే చార్జి సంగతి సరేసరి. తొమ్మిది అంగుళాల దూరం, రెండు పాచికలు, 36 అవకాశాల్లో పది మాత్రమే మనవి. మిగతా 26లో ఒకటి పడేసరికి "నా పాచికలు ఎప్పుడూ ఇంతే" అని నిట్టూర్పు. ధర్మరాజును ఓడించడానికి శకుని కావలసి వచ్చాడు. ఈయనకు ఆ ఖర్చు కూడా లేదు.

ఇంతకీ ఈ సైన్యాన్ని నడిపేది ఫార్‌సీర్లు, అంటే జరగబోయేది ముందే చూడగల ద్రష్టలు. వాళ్ళకు వెయ్యేళ్ళ తర్వాతి సంగతి తెలుసు. వాళ్ళను జరిపే చేతికి ఎదుటివాడి తర్వాతి టర్న్ తెలియదు. 2023లో పదో ఎడిషన్ వచ్చినప్పుడు, పోనీ పాపం అనుకున్నారో ఏమో, ఆట మొదట్లోనే 12 పాచికలు వేసి దాచుకుని అవసరానికి వాడుకునే వెసులుబాటు ఇచ్చారు. దాంతో టోర్నమెంట్లలో ఏల్డారీలదే రాజ్యం. ఆ కొద్దికాలమూ ఎవరి నోటా పాచికల ఊసే లేదు. అంతా వ్యూహమట, అనుభవమట! ఆటను తయారుచేసే కంపెనీ ఆ వెసులుబాటు మీద కత్తెర పట్టుకోగానే అదృష్టదేవత మళ్ళీ ముద్దాయి అయింది.

ఆ కంపెనీ పేరు గేమ్స్ వర్క్‌షాప్. 1975లో లండన్‌లో ముగ్గురు మిత్రులు మొదలుపెట్టారు, ఇప్పుడు కాపురం నాటింగ్‌హామ్‌లో. 2017, 2020, 2023, ఇలా మూడేళ్ళకో ఎడిషన్. ఎడిషన్ మారితే పుస్తకాలూ మారాలి. 2024 డిసెంబరులో ఆ కంపెనీ లండన్ మార్కెట్ పెద్ద కంపెనీల సూచీ ఎఫ్‌టీఎస్ఈ 100లోకి ఎక్కింది. ఈ మొత్తం యుద్ధంలో భవిష్యత్తును సరిగ్గా చూసింది దాని అకౌంట్స్ విభాగం ఒక్కటే.

ఓడినవాళ్ళలో కొందరికి ఒక ఆచారముంది: ఒకటి పడ్డ పాచికను విడిగా ఓ డబ్బాలో వేసి, జైలు అంటారు. మన సేనాపతి దగ్గరా ఆ డబ్బా ఉంది, నిండిపోయింది కూడా. అందులో ఒక్కదానికైనా లాయరు దొరికితే మొదటి ప్రశ్న ఇదే అవుతుంది: అంత పెద్ద గోడ పక్కనే ఉండగా బాన్షీలను దాని ముందు నిలబెట్టిందెవరు? సేనాపతి మాత్రం సాక్ష్యానికి దొరకడు. కొత్త పాచికలు కొనడానికి వెళ్ళాడు.