రాక్ శాఖ మంత్రి వాంగ్మూలం

మా ఇంట్లో ఆర్థికం, హోం, పౌరసరఫరాలు అన్నీ మా ఆవిడవే. నాకు దక్కింది పాత ఇంగ్లిష్ రాక్ పాటల శాఖ ఒక్కటే. ఎవరికీ అక్కర్లేని శాఖ కాబట్టి ఏం చెప్పినా చెల్లిపోయేది, మా అమ్మాయి చేతికి ఫోన్ వచ్చేదాకా.

పింక్ ఫ్లాయిడ్ 1975లో తెచ్చిన ‘విష్ యూ వర్ హియర్’ ఆల్బమ్‌లో ‘హ్యావ్ ఎ సిగార్’ అనే పాట ఉంది. “ఆ వెటకారం రోజర్ వాటర్స్ గొంతులో తప్ప పలకదు” అని కళ్ళు మూసుకుని తల ఊపాను. “పాడింది రాయ్ హార్పర్ అట నాన్నా” అంది అమ్మాయి, ఫోన్‌లోంచి తలెత్తకుండా. నిజమే. వాటర్స్ గొంతు అలిసిపోయి, బ్యాండులోని మరో గాయకుడు గిల్మర్ నేను పాడనంటే, అదే ఆబీ రోడ్ స్టూడియోలో సొంత ఆల్బమ్ చేసుకుంటున్న హార్పర్ వచ్చి పాడిపెట్టాడు. బ్యాండులో ఎవరెవరో తెలియకుండానే పొగడ్తలు కురిపించే రికార్డు కంపెనీ పెద్దమనిషి మీద విసురు ఆ పాట. నన్ను చూసే రాసినట్టుంది.

పోయిన పరువు రాబట్టుకుందామని ‘ఎ హార్స్ విత్ నో నేమ్’ పెట్టాను. “ఇది నీల్ యంగ్. కాకపోతే చెవి కోసి ఇస్తా” అన్నాను. పాడింది అమెరికా అనే బ్యాండు మనిషి డ్యూయీ బనెల్. పైగా 1972లో అమెరికా చార్టుల్లో నీల్ యంగ్ ‘హార్ట్ ఆఫ్ గోల్డ్’ని మొదటి స్థానం నుంచి దించింది ఈ పాటేనట. మా ఆవిడ ఏమీ అనలేదు. కత్తిపీట తెచ్చి నా ముందు పెట్టింది.

ఇక సాహిత్యం. నాకు వరస వినపడుతుంది, మాటలు నేనే పూరించుకుంటాను. నిలదీస్తే నా తరఫున పెద్ద సాక్షే ఉన్నాడు. కింగ్స్‌మెన్ 1963లో పాడిన ‘లూయీ లూయీ’లో బూతులున్నాయని తల్లిదండ్రులు గగ్గోలు పెడితే, ఎఫ్‌బీఐ ఆ రికార్డును రకరకాల వేగాల్లో తిప్పి తిప్పి విని, ఒక్క ముక్కా అర్థం కావడం లేదని చేతులెత్తేసింది. తీరా చూస్తే అది ప్రియురాలి మీద బెంగపెట్టుకున్న ఓ నావికుడి గోడు.

“ఎఫ్‌బీఐ వల్లే కాలేదు” అన్నాను.

“కాలేదని వాళ్ళు ఒప్పుకున్నారు కదండీ” అంది.

క్రీడెన్స్ క్లియర్‌వాటర్ రివైవల్ 1969లో పాడిన ‘బ్యాడ్ మూన్ రైజింగ్’ దగ్గర మాత్రం నేను తగ్గను. చెడు చంద్రుడు పొడుస్తున్నాడని జాన్ ఫోగర్టీ హెచ్చరిస్తుంటే, కుడిపక్క బాత్రూమ్ ఉందని దారి చెబుతున్నాడనుకున్నాను. అలా విన్నవాళ్ళు లోకమంతా ఉన్నారు. కచేరీల్లో ఫోగర్టీయే ఒక్కోసారి సరదాకి అలా పాడేస్తాడు. ఆ ధైర్యంతోనే, చుట్టాలెవరైనా బాత్రూమ్ ఎటని అడిగితే ఇప్పటికీ అదే పాట అందుకుంటాను.

మా ఇంట్లో బాత్రూమ్ ఎడమపక్క. కుడిపక్కన ఉన్నది పూజగది. మొన్న మా బావగారు తువ్వాలు భుజాన వేసుకుని, చెంబుతో అటే బయల్దేరితే, అభిషేకానికి కాబోలనుకుని మా ఆవిడ పూలు కూడా అందించింది.