ఇంజనప్ప

చిక్కబళ్లాపురం, బాగేపల్లి, చింతామణి. ఈ మూడు ఊళ్లలో ఎక్కడ బస్సు దిగినా ఒక ఇంజనప్ప తగులుతాడు. రేషన్ కార్డులో పేరు వేరే ఉంటుంది గానీ, దాంతో పిలిస్తే ఆయనే పలకడు. అరవై దాటిన వయసు, చొక్కా జేబులో వెర్నియర్ కాలిపర్, గోళ్ల సందుల్లో ఆముదం జిడ్డు. కుర్రతనంలో ఎన్‌సీసీ ఎయిర్ వింగులో చేరి, బెంగళూరు జక్కూరు మైదానంలో రెండు ఉక్కు తీగల చివర బుల్లి విమానాన్ని తన చుట్టూ తిప్పుకొని ఉంటాడు. విమానం ఆ రోజే దిగింది. ఈయన ఇంకా దిగలేదు.

మా ఇంజనప్పది చింతామణి. గుజరీ అంగట్లో అందరూ రాగికీ ఇత్తడికీ బేరమాడుతుంటే ఈయన తుప్పుపట్టిన సైకిల్ సామాన్ల కింద చెయ్యి దూర్చి దేవులాడతాడు. బొటనవేలంత ఇంజను చేతికి తగిలిందా, మొహంలో ఏమీ కనిపించనివ్వడు. కనిపిస్తే రేటు పెరుగుతుంది. "ఇదేమి పనికొస్తాదిలేప్పా, పిల్లోల్లు ఆడుకోను" అని గొణిగి, అసలు బేరం పక్కనున్న తాళంకప్పకు చేస్తాడు. ఇంజను కొసరుగా వస్తుంది. అందుకే వాళ్లింట్లో చెవుల్లేని తాళాలు బుట్టెడు ఉన్నాయి.

ఆ పూట దొరికినదాన్ని బస్టాండు దగ్గర టీ అంగట్లో బల్ల మీద పెట్టాడు. ద్రాక్షతోటలకు మందు కొట్టే స్ప్రేయర్లు రిపేరీ చేసే కుర్రాడొకడు తిప్పి తిప్పి చూశాడు. "ప్లగ్గు యాడ సార్?"

ఇంజనప్పకు కావలసింది ఆ ఒక్క ప్రశ్నే. ఇది డీజిల్ రకం, దీనికి ప్లగ్గూ లేదు, బ్యాటరీ లేదు, తీగా లేదు. పిస్టను పైకి తోస్తే లోపలి గాలి నలిగి వేడెక్కుతుంది, ఆ వేడికే ఈథర్ అంటుకుంటుంది. నెత్తిన ఉన్న ఈ స్క్రూ తిప్పితే పైకప్పులాంటి రెండో పిస్టను కిందికి దిగి నలుగుడు పెంచుతుంది. ప్లగ్గు కావాలంటే గ్లో ఇంజన్లు వేరే ఉన్నాయి, వాటిలో ప్లాటినం తీగ ఎర్రగా కాలుతుంటుంది, అమెరికాలో రే ఆర్డెన్ అనే ఆయన 1947లో వాటిని బజారుకు తెచ్చాడు. ఇంతలో కుర్రాడి టీ చల్లారింది, దొడ్డబళ్లాపురం బస్సు వెళ్లిపోయింది.

కాలిపర్ బయటికొచ్చింది. బోరు 8.5 మిల్లీమీటర్లు, స్ట్రోకు 13.2. బోరును బోరుతో, దాన్ని స్ట్రోకుతో, దాన్ని 0.7854తో గుణిస్తే ముప్పావు సీసీ. ఇంజెక్షన్ సిరంజిలో ఒక సీసీ గీత కూడా అందుకోని ఇంజను. వెనకవైపు గాలి గొట్టం, దాన్ని పట్టుకొని వేలాడే బుల్లి ఇంధనపు డబ్బా. "మిల్స్!" అన్నాడు ఇంజనప్ప. గొంతు వణికింది. ఇంగ్లండులో వోకింగ్ ఊరి మిల్స్ బ్రదర్స్, 1946లో 1.3 సీసీ ఇంజనుతో మొదలుపెట్టి పేరు మోసినవాళ్లు. దాని చిన్న తమ్ముడు చింతామణిలో తాళంకప్పకు కొసరుగా దొరకడమంటే మాటలా?

ఇంగ్లండు అంటే ఇంజనప్పకు ఉన్న భక్తి నాకెప్పుడూ వింతే. విశ్వేశ్వరయ్య పుట్టిన ముద్దేనహళ్లి గాలి పీల్చినవాళ్లమని రోజుకోసారి చెప్పుకుంటాడు. ఇంజను మాత్రం సముద్రం దాటి రావాల్సిందే. కలకత్తాలో ఇండియాస్ హాబీ సెంటర్ వాళ్లు ఆరోరా పేరుతో ఇంజన్లు చేశారు, మిల్స్‌కు అచ్చు నకళ్లూ చేశారు, అవి ఇంగ్లండు దాకా కూడా పోయాయి. దిగుమతి లైసెన్సుల కాలంలో మన కుర్రాళ్ల చేతికి సీమ ఇంజను ఎక్కడ అందేది? ఈయన తిప్పిన విమానంలో ఉన్నది కలకత్తాదే అయి ఉంటుందని నా అనుమానం. ఆ మాట పైకి అంటే మా మధ్య టీ తాగడం బందవుతుంది.

అన్నవాడు ఒకడున్నాడు. బాగేపల్లి ఇంజనప్ప. ఆయన దృష్టిలో మన దేశంలో గుజరీకి వచ్చే ప్రతి ఇంజనూ కలకత్తాదే, కాదని రుజువయ్యేదాకా. ఇక చిక్కబళ్లాపురం ఇంజనప్పది జపాను మతం. 1936లో ఒసాకాలో పుట్టిన ఓఎస్ తప్ప మిగతావన్నీ ఆయన లెక్కలో ఇనపముక్కలు. ముగ్గురూ ఒకరి ఇంటికొకరు పోరు. కానీ ఒకరికి ఏం దొరికిందో మిగతా ఇద్దరికీ సాయంత్రం లోపల తెలిసిపోతుంది.

ఇంజను బిగుసుకుపోయి ఉంది. దోషం ఆముదానిది. ఈ ఇంజన్లకు అదే ప్రాణం, ఎంత వేడికీ పలచబడి జారిపోకుండా పిస్టనును కాపాడుతుంది. కానీ ఏళ్ల తరబడి వదిలేస్తే గట్టిపడి జిగురు వార్నీషులా పట్టేస్తుంది. షాఫ్టు మీద పట్టుకారు పళ్ల గాట్లున్నాయి, ఎవరో బలవంతంగా తిప్పబోయారు. ఆ గాట్లు చూసి ఇంజనప్ప కళ్లు మూసుకున్నాడు. బలం చూపిస్తే లోపల అగ్గిపుల్లంత కనెక్టింగ్ రాడ్డు వంగుతుంది. వేడి చూపించాలి, ఓపిక చూపించాలి. కోడలి హెయిర్ డ్రయ్యర్‌తో వెచ్చబెట్టాడు. విడిపోయిన ముక్కల్ని కారు రేడియేటర్‌లో పోసే పచ్చ కూలెంటులో సన్నసెగ మీద ఉడికించాడు. గిన్నె ఏదని అడగకండి. వదిన అడిగింది, పెరట్లోంచి వినపడింది.

స్క్రూలు ఇంకో కథ. ఒకటి లేదు. మన హార్డువేరు అంగళ్లలో దొరికేది మెట్రిక్ మూడు మిల్లీమీటర్లది. పాత ఇంగ్లీషు ఇంజన్లలో వాడింది బీఏ మరలు, ఆరో నంబరుది 2.8. రెండూ అన్నదమ్ముల్లా కనిపిస్తాయి, ఒకదాని రంధ్రంలో ఇంకోదాన్ని తిప్పితే అల్యూమినియం మర పిండై రాలుతుంది. దానికోసం బెంగళూరు ఎస్పీ రోడ్డంతా తిరిగి సగం స్క్రూ తెచ్చాడు. అంటే పొడుగు సగం.

ఇంతలో ఆయుధపూజ వచ్చింది. పాత ఇంజనుకు మెరుపు పెట్టకూడదని, కాలం పూసిన మట్టే దాని విలువని ఇంజనప్ప ఇంటిల్లిపాదికీ పాఠం చెప్పాడు. వదిన ఆ పాఠానికి రాలేదు. పండగ పొద్దున బీరువా మీద గుడ్డలో ఉన్నదాన్ని తీసి, చింతపండుతో ఇత్తడి సూది దగ్గర్నుంచి తళతళలాడేలా తోమి, పసుపు కుంకుమ పెట్టి, స్కూటరు తాళంచెవి పక్కన నిమ్మకాయ మీద కూర్చోబెట్టింది. ఇంజనప్ప ఆ రోజు ఒబ్బట్టు ముట్టలేదు.

"దేవునికాడ మురికిది పెడతారా ఎవురన్నా? తలకు రాసుకోను ఆముదం లేదు, అంతా దీనికే తాపిస్తాండారు" అంది వదిన, నాలుగోది తనే తింటూ.

చివరికి నడిపే రోజు. ఈథర్, కిరోసిన్, గానుగ ఆముదం మూడూ సమపాళ్లు. పెరట్లో బల్లకు ఇంజను బిగించి కొయ్య పంకా తొడిగాడు. బాగేపల్లి ఆయన ఏదో పెళ్లికి వచ్చినట్టు తెల్ల పంచెలో వచ్చాడు. ఇంజనప్ప ఆయనకు మర్యాదగా ముందువైపు కుర్చీ వేశాడు, పంకా గాలి వెనక్కి కొడుతుంది కాబట్టి నూనె తుంపర అటు రాదని.

పంకా మీద వేలితో కొట్టాడు. మళ్లీ కొట్టాడు. స్క్రూ పావు తిప్పు బిగించాడు. పంకా ఎదురు తిరిగి వేలు కొరికింది. వేలు నోట్లో పెట్టుకొని ఇంకో చేత్తో కొట్టాడు. కంయ్‌మని అందుకుంది! వాడ కుక్కలన్నీ లేచాయి. ఆసుపత్రి వాసన, ఆముదం పొగ. తుంపర మాత్రం వెనక్కి రాలేదు. ముందున్న తెల్ల పంచె చూస్తుండగానే చుక్కలు చుక్కలుగా పచ్చబడింది.

"ఎనక్కి తిరుగుతాండాదే!" అని లేచాడు బాగేపల్లి ఆయన.

"మిల్స్ అంతే! గాలి దారి సిలిండరు పక్కనుండాది, పిస్టనే తెరుస్తాది, మూస్తాది. ఎట్ల తిరిగినా దానికొకటే!" అరిచాడు ఇంజనప్ప.

"కలకత్తా మిల్సూ అంతే!"

ఇద్దరిదీ నిజమే. డబ్బాలో ఇంధనం అయిపోయి అది ఆగినా వీళ్లు ఆగలేదు. సందు చూసి నేను అడిగాను. "అన్నా, దీన్ని పెట్టే విమానం యాడుంది?"

ఇద్దరూ వాదన ఆపి నావైపు తిరిగారు. మొదటిసారి ఇద్దరి మొహంలో ఒకే జాలి.

"విమానమా?" అన్నాడు బాగేపల్లి ఆయన, పంచె పిండుకుంటూ. "పెడితే యాడన్నా పడి పగిలిపోదాప్పా!"