పెట్రోలు ఎక్కువైతే పెట్రోలు వైపు చూడకండి

నల్ల పొగ వదులుతూ, వెనక నిలబడితే కళ్లు మండించే పాత పెట్రోలు కారును బెజవాడ ఆటోనగర్ గేటు దాటించి ఏ షెడ్డు ముందు ఆపినా, మొదటి చెయ్యి కార్బొరేటర్ మీదికే పోతుంది. ఇంజెక్షన్ బండైతే ఇంజెక్టర్ల మీదికి. "పెట్రోలు ఓవర్ అవుతోంది సార్, కిట్టు వేసేద్దాం" అంటారు. నా సలహాలు దీనికి పూర్తిగా ఎదురు. వినగానే తప్పుగా తోస్తాయి. ఇరవై ఏళ్లు దాటిన మారుతి 800ను ఇప్పటికీ రోజూ నడుపుతున్నాను. వీటిలో ప్రతిదీ డబ్బు వదిలాకే తెలిసింది.

మెకానిక్ దగ్గరికి వెళ్లే ముందు బండిని శుభ్రం చేయకండి. ముఖ్యంగా ప్లగ్గులు తుడవకండి. 800కి మూడే సిలిండర్లు, మూడే ప్లగ్గులు. మూడూ ఒకేలా పొడి మసి పట్టి ఉంటే కారణం మూడింటికీ ఉమ్మడిది: గాలి దారి, చోక్, ఇంజన్ వేడి, ఇంజెక్షన్ బండైతే సెన్సరో పెట్రోలు ప్రెషరో. ఒక్కటే నల్లగా ఉండి మిగతా రెండూ లేత గోధుమరంగులో ఉంటే తప్పు ఆ సిలిండర్‌దే. మసి లేకుండా ఊరికే తడిసి ఉంటే ఆ ప్లగ్గు మండించడం లేదని అర్థం. తుడిచేస్తే ఈ సాక్ష్యమంతా గుడ్డలోకి పోతుంది. పాత పుస్తకాల్లో ప్లగ్గుల రంగుల బొమ్మలు చూసి పోల్చేవాళ్లకు ఒక మాట. అవి సీసం కలిపిన పెట్రోలు కాలం నాటివి. మన దేశంలో ఆ పెట్రోలు 2000 ఫిబ్రవరి 1తో ఆగిపోయింది.

పొల్యూషన్ చెకింగ్ బండికి భయపడి దూరంగా పోకండి, వెతుక్కుంటూ వెళ్లండి. సర్టిఫికెట్ కోసం కాదు, ఆ కాగితం మీద ఉండే రెండు అంకెల కోసం. కార్బన్ మోనాక్సైడ్ శాతం ఎక్కువుంటే పెట్రోలు నిజంగానే ఎక్కువ పడుతోంది. అది తక్కువుండి హైడ్రోకార్బన్ మాత్రం చాలా ఎక్కువుంటే పెట్రోలు ఎక్కువ కాలేదు, మండకుండా బయటికొస్తోంది, అంటే మిస్సింగ్. రెండు జబ్బులకీ వాసన ఒకటే, మందులు వేరు. భారత్ స్టేజ్ 2కి ముందు తయారైన కారుకు కార్బన్ మోనాక్సైడ్ 3 శాతం దాకా అనుమతి. స్టేజ్ 2, 3 బండ్లకు 0.5 శాతమే. స్లోలో ఒకసారి, రేసు పెంచి ఒకసారి చూపించమని అడగండి. స్లోలోనే ఎక్కువుంటే ఒక దారి, రెండింట్లోనూ ఎక్కువుంటే ఇంకో దారి.

కార్బొరేటర్ బండికి చాలాసార్లు పెట్రోలు పెరగదు, గాలి తగ్గుతుంది. ఒక పాలు పెట్రోలుకు బరువులో సుమారు 14.7 పాళ్ల గాలి కావాలి. గాలి ఫిల్టర్ మూసుకుపోతే అది చోక్ లాగినట్టే. కోతలప్పుడు గుడివాడ, పామర్రు వైపు నూర్పిళ్ల ధూళిలో తిరిగిన బండి ఫిల్టర్ విప్పి చూడండి, ఊక రాలుతుంది. 2024 సెప్టెంబరులో బుడమేరు నీళ్లు సింగ్ నగర్‌ను ముంచినప్పుడు నీట మునిగిన బండ్లదీ ఇదే కథ. తడిసిన కాగితపు ఫిల్టర్‌ను ఎండబెట్టి మళ్లీ పెడితే బురద పొరల్లోనే మిగిలిపోతుంది. ఫిల్టర్ తర్వాత చోక్ తీగ చూడండి. నాబ్ లోపలికి నొక్కినా పలక సగం మూసే ఉండొచ్చు, కళ్లతో చూస్తేగానీ తెలియదు. ఇంజెక్షన్ బండిలో మాత్రం ఫిల్టర్ మీద అంత అనుమానం వద్దు. లోపలికి ఎంత గాలి వస్తోందో సెన్సర్ చెబుతుంది, కంప్యూటర్ పెట్రోలును దానికి తగ్గట్టు కోసేస్తుంది.

ఆ కంప్యూటర్‌కు అబద్ధం చెప్పేవాళ్లను పట్టుకోవడమే ఇంజెక్షన్ బండి రోగ నిర్ణయం. ఒక ప్లగ్గు మండకపోతే ఖర్చుకాని ఆక్సిజన్ సైలెన్సర్ గొట్టంలోకి వెళ్తుంది. అక్కడున్న సెన్సర్ గాలి ఎక్కువైందనుకుంటుంది, కంప్యూటర్ ఇంకా పెట్రోలు పోస్తుంది. సైలెన్సర్ వైపు మానిఫోల్డు గాస్కెట్ చీలి బయటి గాలి లోపలికి పీల్చుకున్నా ఇదే జరుగుతుంది. రోగం నిప్పుది, బిల్లు పెట్రోలుది.

ఇక అన్నిటికంటే నన్ను బాధపెట్టేది థర్మోస్టాట్, ఇంజన్ వేడెక్కేదాకా నీళ్లను రేడియేటర్‌లోకి వదలని వాల్వు. "మన బెజవాడ ఎండలకి ఇది అక్కర్లేదు సార్" అని మే నెలలో పీకేస్తారు. మంచి ఉద్దేశంతోనే పీకేస్తారు. నా బండికీ ఒక షెడ్డులో అలాగే తీసేశారు, నాకు చెప్పను కూడా చెప్పలేదు. థర్మోస్టాట్ సుమారు 82 నుంచి 88 డిగ్రీల దగ్గర తెరుచుకుంటుంది. అది లేని ఇంజన్ రోడ్డెక్కాక ఆ వేడికి చేరదు. నీళ్ల సెన్సర్ 20 డిగ్రీల దగ్గర రెండు వేల ఓమ్‌లకు పైగా, 80 దగ్గర సుమారు మూడు వందలు చూపిస్తుంది. అది నిజమే చెబుతుంది: ఇంజన్ ఇంకా చల్లగా ఉంది. కంప్యూటర్ దానికి తగ్గట్టు చలికాలపు పొద్దున పోసినట్టు పోస్తూనే ఉంటుంది. రెండు చోట్ల ఇంజెక్టర్లు కడిగించాను, సెన్సర్ మార్పించాను. చివరికి ఒక పెద్దాయన మీటరేమీ తీయలేదు. చల్లారిన బండి స్టార్టు చేయించి, రేడియేటర్ పై గొట్టం మీద చెయ్యి వేసి ఉంచాడు. థర్మోస్టాట్ ఉంటే ఆ గొట్టం కొన్ని నిమిషాలు చల్లగా ఉండి ఒక్కసారిగా కాలుతుంది. నాది మొదటి నిమిషం నుంచే మెల్లగా వేడెక్కింది. "లోపల వాల్వు లేదండీ" అన్నాడు. ఈ పరీక్షకు ఖర్చు లేదు. ఫ్యాను రెక్కలకు చెయ్యి దూరంగా ఉంచుకుంటే చాలు.

ఆయిల్ కడ్డీ మీద మట్టం పెరిగితే సంతోషించకండి. వాసన చూడండి. పెట్రోలు వాసనొస్తే పాత పెట్రోలు పంపు డయాఫ్రమ్ చిరిగి ఉండొచ్చు. ఆ ఆయిల్‌తో కిలోమీటరు కూడా నడపకండి.

మే మధ్యాహ్నం పది నిమిషాలు ఆపిన కార్బొరేటర్ బండి స్టార్టు కాకపోతే అది రోగమే కాదు. గిన్నెలో పెట్రోలు మరిగి లోపలికి పొంగింది. ఎక్సిలేటర్ పూర్తిగా తొక్కి పట్టి స్టార్టు చేయండి, పంపు కొట్టకండి.

ఇవన్నీ అయ్యాకే కార్బొరేటర్ మూత ఎత్తండి. ఇంజన్ ఆపాక కూడా లోపల పెట్రోలు చుక్కలు పడుతుంటే నీడిల్ మూసుకోవడం లేదు. ఇథనాల్ కలిసిన పెట్రోలు పాత ట్యాంకులోని తుప్పును కదిలిస్తుంది. ఒక్క రేణువు నీడిల్ కింద ఇరుక్కున్నా చాలు. దగ్గర్లో నిప్పు లేకుండా చూసుకోండి.

ఈ వేసవిలో మీ బండి ఆటోనగర్‌కు వెళ్తే పక్కనే నిలబడండి. థర్మోస్టాట్ విప్పితే కొత్తది తెప్పించి పెట్టించేదాకా తాళం చెవి తీసుకోకండి.