వాల్ట్జు పద్యం: టీకా తాత్పర్యం

మూలం (ఆటవెలది)

మూడు లెక్క పెట్టి ముందుకు వెనుకకు
తిరుగు జంట చూడ తీపి యాట
అడుగకుండ నింటికరుదెంచు నడకయు
వాల్ట్జు దాని పేరు వారిజాక్షి!

టీక: మూడు లెక్క పెట్టి = ఒన్, టూ, త్రీ అంటూ, ఒన్ మీదే ఊనిక వేసి; ముందుకు వెనుకకు = ఎదుటివారి కాలు తొక్కకుండా; జంట = ఒకరి నడుము మీద ఒకరు చెయ్యి వేసినవారు (1816లో యువరాజుగారి విందులో ఇలా తిరిగారని లండన్ టైమ్స్ పత్రిక మండిపడింది); అడుగకుండ = తలుపు తట్టకుండా; వారిజాక్షి = నీట పుట్టినదాని వంటి కన్నులు గలదానా. తామర అని పూర్వవ్యాఖ్యాతలు. నెల్లూరు తీరాన మైపాడు, ముత్తుకూరు వైపు నీట పుట్టేది రొయ్య. కాడల చివర కళ్లుండటం చేత ఆ పోలిక ఏ వారిజాక్షికీ నచ్చదు.

తాత్పర్యం: వాల్ట్జు ఒక ఆట. పిలవని చోటికి దర్జాగా నడిచి రావడాన్నీ ఇంగ్లీషువారు ఆ మాటతోనే చెబుతారు.

విశేషం: సూర్యగణానికి మూడు మాత్రలు. వాల్ట్జుకూ ప్రతి చుట్టులో మూడే దెబ్బలు. కాబట్టి ఆటవెలది రెండో, నాలుగో పాదాలు అయిదేసి చుట్ల వాల్ట్జులే. వియన్నా దాకా పోనక్కర్లేదు. బేసి పాదాల చివర మాత్రం ఇంద్రగణాలు అడ్డుపడతాయి. పై పద్యంలో సరిగ్గా ‘ముందుకు వెనుకకు’ దగ్గర నాలుగేసి మాత్రలొచ్చాయి. జంట కాళ్లు తొక్కుకునేదీ అక్కడే. కవి కావాలని చేశాడని అభిమానులు. చేతకాక చేశాడని మేము.

శంక: ఇది మన వాల్టా చట్టమా?

సమాధానం: కాదు. వాల్టా 2002 నాటి నీరు, భూమి, చెట్ల చట్టం. బోరు వేయాలన్నా చెట్టు కొట్టాలన్నా అనుమతి తీసుకోమంటుంది. వాల్ట్జుకు అనుమతితో పనిలేదు. అయితే తీరంలో రెంటికీ చుట్టరికం కలిసింది. ఇక్కడ మంచినీరు ఉప్పునీటి మీద తేలుతుంటుంది. అడగకుండా బోర్లు దించి పైనీరు తోడేస్తే, సముద్రమూ అడగకుండానే లోపలికి నడిచి వస్తుంది. రొయ్యల గుంటల ఉప్పు కూడా భూమిలోకి ఇంకి దానికి తోడవుతుంది. మూడో పాదంలోని ‘ఇల్లు’ మంచినీళ్ల బావి అనే మా అన్వయం.

బోరు దించబోయేవారు ముందు అర్జీ పెట్టుకోగలరు.