పోయినేడాది గ్రాంటెంతో వచ్చే ఫిబ్రవరిలో చెబుతాం

కాలిఫోర్నియాలో 116 కమ్యూనిటీ కాలేజీలున్నాయి. హైస్కూలు అయినవాళ్లకు రెండేళ్ల డిగ్రీ, నర్సింగు, వెల్డింగు, ఇంగ్లిషు రానివాళ్లకు ఇంగ్లిషు, ఉద్యోగం పోయినవాళ్లకు కొత్త విద్య, అన్నీ అక్కడే దొరుకుతాయి. ఇవి ప్రభుత్వ సొమ్ముతో నడుస్తాయి. ఈ చివరి ముక్క చెప్పడానికి ఆ ప్రభుత్వానికి వందల పేజీలు పట్టాయి. ఆ పేజీలు చదివి ఆనందించగలిగే మనిషి నాకు తెలిసి ఒక్కరే, మా మామయ్య. జిల్లా ట్రెజరీలో సూపరింటెండెంటుగా రిటైరై, గ్రీన్‌కార్డు మీద శాన్ హోజేలో కొడుకు దగ్గర ఉంటున్నారు. పొద్దున్నే వాకింగు, ఆపైన కాఫీ, ఆపైన దగ్గర్లోని కాలేజీవాళ్ల బడ్జెట్ పుస్తకం.

"అల్లుడూ, ఇది రాసినవాడెవడో మన డిపార్ట్‌మెంటువాడేరా" అన్నారు మొదటిరోజే. ఊళ్లోవాళ్లు కనపడినా ఆయన మొహం అంత వెలగదు.

ఆయన్ని ముందుగా పడగొట్టింది తేదీల వరస. జనవరి 10కల్లా గవర్నరు బడ్జెట్ ప్రతిపాదిస్తారు. ఆ రాష్ట్రం ఆదాయపు పన్నులో పెద్ద భాగం షేర్లమ్ముకునే శ్రీమంతులదే కాబట్టి, మార్కెట్ వైపు ఓ కన్నేసి ఉంచి, మే మధ్యలో "అది కాదు, ఇదీ" అని మరొకటి తెస్తారు. జూన్ 15లోగా శాసనసభ ఆమోదించాలి. జూలై 1న కొత్త ఆర్థిక సంవత్సరం మొదలు. ఆ రోజుకు కాలేజీ చేతిలో ఉండేది తాత్కాలిక బడ్జెట్టే, అసలుదానికి సెప్టెంబర్ 15 వరకూ గడువుంది. ఈలోగా జీతాలిచ్చేస్తారు, కరెంటు బిల్లు కట్టేస్తారు, క్లాసులు మొదలైపోతాయి. పోనీ సెప్టెంబరులోనైనా తేలిందా? లేదు. ఫిబ్రవరిలో మొదటి లెక్క, జూన్‌లో రెండో లెక్క వస్తాయి. తుది లెక్క వచ్చేది ఆ పై ఫిబ్రవరిలో, అంటే సంవత్సరం ముగిసిన ఎనిమిది నెలలకు. అప్పటికి ఆ డబ్బుతో చదువుకున్నవాడు సర్టిఫికెట్ పుచ్చుకుని పనిలో కూడా చేరిపోయుంటాడు.

కరోనా ఏడాదిలో ఇంకో విద్య ప్రదర్శించారు. 2020-21లో కాలేజీలకివ్వాల్సిన దాంట్లో సుమారు 145 కోట్ల డాలర్లను పక్క ఏడాదిలోకి నెట్టేశారు. జూన్‌లో ఇవ్వాల్సింది జూలైలో ఇస్తే ఖర్చు పాత పద్దులో కనపడదు, లోటూ కనపడదు. కాలేజీలు చేబదుళ్లు చేసుకుని నెట్టుకొచ్చాయి. మన దగ్గర మార్చి 31 రాత్రి ఎన్ని బిల్లులను ఏప్రిల్‌లోకి సాగనంపారో, ఫీజు రీయింబర్స్‌మెంటుకు టోకెన్లిచ్చి ఎన్ని కాలేజీలను కూర్చోబెట్టారో గుర్తొచ్చి మామయ్య కాసేపు మౌనం పాటించారు. "మనవాళ్లకు పేరు రాలేదంతే" అన్నారు తర్వాత.

ఇక డబ్బు ఎక్కణ్ణుంచి వస్తుందన్నది. కాలేజీకి ఏడాదికి ఇంత రావాలని ముందు ఒక సూత్రం తేలుస్తుంది. 2018-19లో తెచ్చిన ఆ సూత్రంలో సుమారు 70 పాళ్లు ఎంతమంది చేరారన్నది, 20 పాళ్లు వాళ్లలో పేదలెందరన్నది, పది పాళ్లు ఎందరు గట్టెక్కారన్నది. ఆ మొత్తంలోంచి స్థానిక ఆస్తి పన్ను తీసేస్తారు. విద్యార్థులు కట్టిన ఫీజు తీసేస్తారు. మిగిలింది రాష్ట్రం ఇస్తుంది. 1984 దాకా ఈ చదువు ఉచితం. 2012 నుంచి యూనిటుకు 46 డాలర్లు. ఆ ఫీజులో కాలేజీకి నిజంగా మిగిలేది నూటికి రెండు. తక్కిన 98 "మీకెలాగూ ముట్టిందిగా" అని రాష్ట్రం తన గ్రాంటులో కోసేస్తుంది. అంటే కుర్రాడు కట్టింది కాలేజీకి కాదు, కాలేజీ గుమస్తా చేతుల మీదుగా రాష్ట్ర ఖజానాకు. ఆస్తి పన్ను అంచనా తప్పి తక్కువ పడితే ఆ చిల్లు పూడ్చే పూచీ రాష్ట్రానిది కాదు, అందరికీ తలా ఇంత కోత. అంచనా తప్పినవాడొకడు, పస్తున్నవాడొకడు.

అదే ఆస్తి పన్ను సూత్రం చెప్పినదానికంటే ఎక్కువ పడితే? ఆ మిగులు కాలేజీదే. శాన్ మటేయో కాలేజీ జిల్లా అలాంటి భాగ్యశాలి. ఇళ్ల ధరలు ఆకాశంలో ఉన్నచోట కాలేజీ కలిగినది, లేనిచోట లేనిది. పేదవాళ్ల కోసం పెట్టిన కాలేజీకి ఊళ్లో పేదవాళ్లుండకపోవడాన్ని మించిన అదృష్టం లేదు.

ఆస్తి పన్ను అన్నానుగా, దాని కథ మామయ్య కొడుక్కి బాగా తెలుసు. 1978లో కాలిఫోర్నియా ప్రజలు ప్రపోజిషన్ 13కు ఓటేసి, పన్ను ఇంటి విలువలో ఒక శాతానికి మించకూడదన్నారు; ఇల్లు చేతులు మారేదాకా ఆ విలువ ఏడాదికి రెండు శాతానికి మించి పెరగకూడదన్నారు. ఈ లెక్కన 1975లో అరవై వేలకు ఇల్లు కొన్న పెద్దాయన ఇవాళ కట్టేది మహా అయితే పదహారు వందల చిల్లర. ఆ పక్కనే అదే కొలతల ఇల్లు నిరుడు పాతిక లక్షల డాలర్లకు కొన్న మన తెలుగు ఇంజనీరు కట్టేది పాతిక వేలు. ఇద్దరి గోడ ఒకటే, చెట్టు ఆకులు రాలేది కూడా ఇంజనీరు వైపే. పదేళ్లు తిరిగేసరికి, 1988లో, అదే ప్రజలు ప్రపోజిషన్ 98కి ఓటేసి బడులకూ ఈ కాలేజీలకూ కనీసం ఇంత ఇచ్చితీరాలని రాజ్యాంగంలో రాయించారు. తీసుకోవద్దనీ ప్రజలే, ఇవ్వమనీ ప్రజలే. ఆ కనీసం ఎంతో తేల్చడానికి మూడు పరీక్షలున్నాయి. మూడూ అర్థమైనవాణ్ణి పట్టుకుని అక్కడే ప్రొఫెసరుగా వేసుకోవచ్చు, పోస్టుంటే. తేలినదాంట్లో బడులు తీసుకోగా కాలేజీలకు ఆనవాయితీగా దక్కేది సుమారు 11 శాతం.

లాటరీ డబ్బులు కూడా వస్తాయి. లిక్కర్ షాపులో ఎవరో గీకి పారేసిన టికెట్టులో చిన్న వాటా ఎక్కడో ఒక క్లాసులో పాఠ్య సామగ్రి అవుతుంది. మద్యం ఆదాయంతో సంక్షేమం నడిపిన సర్కార్లను చూసినవారు కాబట్టి మామయ్య ఈ పేజీ గబగబా తిప్పేశారు.

ఆయన ఆగింది విద్యార్థి అనే పద్దు దగ్గర. ఆ లెక్కలో విద్యార్థి అంటే మనిషి కాదు, 525 గంటలు. పగలు పనిచేసుకుని సాయంత్రం ఒక్కో క్లాసుకొచ్చేవాళ్లు నలుగురైదుగురు కలిస్తే ఒక విద్యార్థి అవుతాడు. టర్ములో అయిదో వంతు గడిచాక తలలు లెక్కపెట్టే రోజొకటుంది. ఆ రోజుకు పేరుంటే గంటలు జమ. మర్నాటి నుంచి కుర్రాడు మానేసినా ఆ పద్దుకు ఢోకా లేదు. ఆర్థిక సాయం కొట్టేయడానికి కంప్యూటరు ప్రోగ్రాములతో దొంగ పేర్లు చేర్పించే ముఠాలు ఈ మధ్య ఆ కాలేజీల మీద పడ్డాయి. అలాంటి పేర్లతో క్లాసు నిండిపోయి నిజం పిల్లలకు సీటు దొరకని సందర్భాలూ ఉన్నాయి. "మన బోగస్ మస్టరే. కాకపోతే మనం వేలిముద్ర వేయించడానికైనా ఒక మనిషిని పెట్టేవాళ్లం" అన్నారు మామయ్య.

1961 నాటి చట్టం ఇంకోటుంది: విద్యా వ్యయంలో కనీసం సగం పాఠం చెప్పేవాళ్ల జీతాలకే పోవాలి. మంచిదే. కానీ ఆ లెక్కలో లైబ్రేరియన్ పాఠం చెప్పేవాడు కాదు, ఏ కోర్సు తీసుకోవాలో చెప్పే కౌన్సెలరూ కాదు. ఇద్దరూ డీన్లతో, కరెంటు బిల్లుతో ఒకే గట్టున ఉంటారు. పిల్లలకు దారి చూపడానికి ఒక కౌన్సెలర్ని వేసుకుంటే, కాలేజీ చదువు మీద పెట్టే ఖర్చు తగ్గినట్టు తేలుతుంది.

కట్టడాలకు మాత్రం లోటుండదు. ఓటర్లలో 55 శాతం ఔనంటే బాండ్లు అమ్మి భవనాలు లేపొచ్చు; ఆ సొమ్ములో ఒక్క డాలరు కూడా టీచర్ల జీతాలకు వాడకూడదని రూలు. అందుకే అక్కడ అద్దాల భవనాలూ, అందులో పాఠం చెప్పడానికి ఫ్రీవే మీద ఉరుకులు పెడుతూ వచ్చే పార్ట్‌టైమ్ టీచర్లూ. ఒక కాలేజీ జిల్లాలో ఫుల్‌టైమ్ పనిలో 67 శాతం దాటి ఇవ్వకూడదు కాబట్టి వాళ్లు రెండు మూడు జిల్లాలు పట్టుకుని తిరుగుతారు. మూడు చోట్ల కలిపి ఒకటిన్నర మనిషి పని చేసినా ఎక్కడా పూర్తి ఉద్యోగి కారు.

మా అత్తయ్య ఇంగ్లిషు క్లాసు టీచరు అలాంటావిడే. ఆ క్లాసుకు ఫీజు లేదు; కూర్చున్న గంటలను బట్టి కాలేజీకి డబ్బులొస్తాయి. ఈ సంగతి తెలిసినప్పటి నుంచి మామయ్య అత్తయ్యను ఒక్కపూట మాననివ్వలేదు, ఏకాదశి నాడు కూడా. టీచరమ్మకు గది లేదు. కారు వెనకసీటే ఆఫీసు: మూడు కాలేజీల పార్కింగు పర్మిట్లు, రబ్బరు బ్యాండు వేసిన పేపర్ల కట్టలు, సగం తిన్న ఆపిల్. అత్తయ్య డబ్బాలో పెట్టిచ్చిన పులిహోర ఆవిడ స్టీరింగు ముందే తినేది.

జనవరిలో క్లాసు ఎత్తేశారు. బడ్జెట్ అనిశ్చితి అన్నారు. 2023-24లో 8.22 శాతం పెరిగిన గ్రాంటు 2024-25లో 1.07 దగ్గర ఆగిందని మామయ్య కాగితం తీసి చూపించారు. అత్తయ్య కాగితం చూడలేదు.

"ఆ అద్దాల మేడ మీద ఇంకో అంతస్తు లేపుతున్నారుగా, దానికెక్కడివి?"

"అది వేరే హెడ్డు."

"ఆ హెడ్డులోంచి ఈవిడకో నాలుగు నెలల జీతం ఇవ్వలేరా?"

"ఆడిట్ అభ్యంతరం వస్తుంది" అన్నారు మామయ్య, ముప్పై ఏళ్ల సర్వీసూ గొంతులోకి తెచ్చుకుని.

అత్తయ్య ఇంకేమీ అనలేదు. ఖాళీ డబ్బా ఇంకా టీచరమ్మ కారులోనే ఉందిట. ఆవిడ ఇప్పుడు ఏ జిల్లాలో చెబుతోందో కనుక్కోమని నన్ను పురమాయించింది.